బస్తీ కుర్రాళ్లకూ ఠాణాకూ మధ్య నమ్మకం: ఏడాది పని ఎలా చేయాలి

హైదరాబాద్‌లో పోలీసులూ యువతా ఒకచోట కలిసే కార్యక్రమాలకు కొదవ లేదు. క్రికెట్ టోర్నమెంట్లు, రన్‌లు, జాబ్ మేళాలు, కాలేజీల్లో డ్రగ్స్ వద్దంటూ ప్రతిజ్ఞలు ఎప్పుడూ ఎక్కడో ఒకచోట జరుగుతూనే ఉంటాయి. అవి చెడ్డవని అనను. కానీ కప్పు అందుకున్న కుర్రాడే వారం తర్వాత రాత్రిపూట గల్లీ చివర పెట్రోలింగ్ బండి లైటు కనబడగానే పరుగు అందుకుంటే, ఆ టోర్నమెంట్ వల్ల ఒరిగిందేమిటి?

బస్తీ యువజన సంఘంలోనో, కాలనీ సంక్షేమ సంఘంలోనో, బడిలోనో, స్వచ్ఛంద సంస్థలోనో పనిచేస్తూ ఈ దూరాన్ని తగ్గించాలనుకునే వారి కోసం ఇది రాస్తున్నాను. ఒకే ఠాణా పరిధి, పదిహేను నుంచి పాతికేళ్ల లోపు వాళ్లు, ఒక ఏడాది. ఇంతకంటే పెద్దగా మొదలుపెట్టకండి. నమ్మకం ఈవెంట్‌తో రాదు. అడిగిన ప్రశ్నకు జవాబు వచ్చినప్పుడు వస్తుంది. ఈ నెల అడిగినదానికి వచ్చే నెలకల్లా ఏదో ఒక జవాబు, కుదరదనే జవాబైనా సరే, అదే మనిషి నోటి నుంచి రావాలి. కింద చెప్పేదంతా ఆ ఏర్పాటు కోసమే.

ముందు కుర్రాళ్ల దగ్గర కూర్చోండి

చాలామంది మొదట ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళ్లి పర్మిషన్ తెచ్చుకుని, ఆ తర్వాత జనాన్ని పోగుచేస్తారు. అప్పుడు వచ్చేవాళ్లు ఎవరో మీకు తెలుసు: ఎప్పుడూ వచ్చే మంచి పిల్లలే. పోలీసులంటే నిజంగా భయమో కోపమో ఉన్నవాడు ఆ కుర్చీలో కూర్చోడు. అందుకే వరస మార్చండి. ఠాణాకు వెళ్లే ముందు ఒక నెల వాళ్లున్న చోటికే మీరు వెళ్లండి. జిమ్ బయట, క్యారమ్ బోర్డు దగ్గర, ఛాయ్ హోటల్ ముందు, డెలివరీ ఆర్డర్ల కోసం బైకులు ఆపుకుని నిలబడే చోట, వినాయక మండపం కమిటీ కూర్చునే గదిలో. ఒక్కో విడతకు ఆరేడుగురికి మించవద్దు. ఆడపిల్లలతో మరో రోజు, మరో చోట, ఒక మహిళా కార్యకర్త మాట్లాడాలి.

మూడు ప్రశ్నలు చాలు. చివరిసారి పోలీసుతో ఎప్పుడు మాట్లాడారు, ఏం జరిగింది? రేపు మీకు ఏదైనా అయితే 100కో 112కో ఫోన్ చేస్తారా, చేయకపోతే ఎందుకు? ఠాణాలో ఒక్క విషయం మారాలంటే ఏది మారాలి? జవాబులు రాసుకోండి, పేర్లు మాత్రం రాయకండి. ఆ కాగితం తప్పిపోయినా ఎవరికీ చిక్కు రాకూడదు.

రాత్రి ఆపి ఫోన్ అన్‌లాక్ చేయమన్నారని, అడగకుండా ఫొటో తీసుకున్నారని, 'ఒరేయ్' అని పిలిచారని, కేసు పడితే గవర్నమెంట్ ఉద్యోగం పోతుందని టెన్షన్‌గా ఉందని చెబుతారు. ఇవి ఊరికే పుట్టిన మాటలు కావు. 2021 అక్టోబరులో నగరంలో పోలీసులు గంజాయి కోసం వెతుకుతూ రోడ్డు మీద యువకుల ఫోన్లలో చాట్‌లు చూస్తున్న వీడియో బయటికొచ్చి పెద్ద చర్చ జరిగింది. పాతబస్తీలో రాత్రిళ్లు చబూత్రల (ఇళ్ల ముందు అరుగుల) మీద కూర్చున్న కుర్రాళ్లను ఠాణాకు తీసుకెళ్లి, తల్లిదండ్రులను పిలిపించి కౌన్సెలింగ్ చేసే 'మిషన్ చబూత్ర' చాలా కాలం నడిచింది. పిల్లలు దారి తప్పకూడదన్న ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఒకే గది ఇంట్లో ఆరుగురు ఉంటే, రాత్రి కాసేపు గాలి పీల్చుకోవడానికి కుర్రాడికి ఉన్న చోటు ఆ అరుగే. అక్కడ కూర్చున్నందుకు నలుగురి ముందు తలవంచుకుని నిలబడ్డవాడు ఆ అవమానాన్ని అంత తొందరగా మరిచిపోడు. ఇంకా వెనక్కి వెళితే, 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు తర్వాత చాలామంది ముస్లిం యువకులను పట్టుకెళ్లారు, తర్వాత కోర్టులు వాళ్లను నిర్దోషులని విడిచిపెట్టాయి. అప్పటికి పుట్టని పిల్లలకు కూడా ఆ కథ ఇంట్లో తెలుసు. ఇవన్నీ తెలియనట్టు నటిస్తూ 'ఫ్రెండ్లీ పోలీస్' అని బ్యానర్ కడితే ఎవరూ నమ్మరు.

ఇదే పని ఠాణా వైపూ చేయండి. బ్లూకోల్ట్స్ బైకు మీద తిరిగే కానిస్టేబుల్ చాలాసార్లు ఏ నల్లగొండ నుంచో, మహబూబ్‌నగర్ నుంచో వచ్చిన కుర్రాడే. నిమజ్జనం బందోబస్తులో రాత్రీ పగలూ నిలబడి, మర్నాడు మళ్లీ డ్యూటీకి వచ్చినవాడు. ఏం మాట్లాడినా సెల్‌ఫోన్ ఎత్తి వీడియో తీస్తారని, గల్లీలో అడుగు పెడితే ఈలలు వేస్తారని అతనికీ బాధ ఉంటుంది. దాన్ని కూడా అదే కాగితం మీద, అంతే గౌరవంతో రాయండి.

ఠాణాలో ఎవరిని, ఏం అడగాలి

అనుమతి ఇచ్చేది ఎస్‌హెచ్‌ఓ, అంటే ఇన్‌స్పెక్టర్. పని నడిచేది మాత్రం మీ బస్తీ ఉన్న సెక్టార్ ఎస్సైతో, ఇద్దరు కానిస్టేబుళ్లతో. వీళ్లతో పాటు ప్రతి ఠాణాలో బాలల సంక్షేమ పోలీసు అధికారి ఒకరు ఉండాలని 2015 జువెనైల్ జస్టిస్ చట్టం చెబుతోంది. ఆ అధికారి ఎవరో అడిగి తెలుసుకోండి. అడిగేవాళ్లు లేక ఆ పేరు బోర్డుకే పరిమితమవుతుంది.

తెలుగులో ఒక పేజీ ఉత్తరం రాయండి, ఒక కాపీ ఏసీపీకి ఇవ్వండి. అడగాల్సినవి మూడే. ఏడాది పొడుగునా ఇద్దరు ముగ్గురు అదే సిబ్బంది రావాలి. నెలకు ఒక గంట. కుర్రాళ్ల ప్రశ్నలకు తర్వాతి నెలలోపు జవాబు. టీషర్టులు, టోపీలు, ముఖ్య అతిథి, శాలువా అడగవద్దు. కార్పొరేటర్ గారికి విషయం ముందే చెప్పండి, చెప్పకపోతే నొచ్చుకుంటారు. స్టేజీ మాత్రం వేయకండి. స్టేజీ పడిందంటే మైకు వస్తుంది, మైకు వస్తే కుర్రాళ్లు వినేవాళ్లుగా మిగిలిపోతారు.

ఎప్పుడు మొదలుపెట్టాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ఇక్కడే చాలా కార్యక్రమాలు ఆగిపోతాయి. ఆషాఢంలో బోనాలు, భాద్రపదంలో గణేశ్ ఉత్సవాలు, నిమజ్జనం, మిలాద్ ఊరేగింపు, రంజాన్ రాత్రులు: ఈ రోజుల్లో ఏ ఎస్సై మాట ఇచ్చినా నిలబెట్టుకోలేరు, అది ఆయన తప్పు కాదు. ఫిబ్రవరి చివరి నుంచి ఇంటర్, పదో తరగతి పరీక్షలు. దసరా, దీపావళి అయ్యాక నవంబరులో మొదలుపెడితే పరీక్షల లోపు మూడు సమావేశాలు దొరుకుతాయి. పండుగల నెలల్లో సమావేశం బదులు కలిసి చేసే పని పెట్టుకోండి, దాని గురించి కింద చెబుతాను.

మొదటి సమావేశానికి ముందే ఒప్పందం

ఒక కాగితం మీద నియమాలు రాసి రెండు వైపులా సంతకాలు తీసుకోండి. అన్నిటికంటే ముఖ్యమైనది: ఈ గ్రూపు పోలీసులకు సమాచారం ఇచ్చే గ్రూపు కాదు. 'మీ బస్తీలో గంజాయి ఎవరు అమ్ముతున్నారు' అని సమావేశంలో అడగకూడదు. ఒక్కసారి అడిగినా, మర్నాటికి వచ్చినవాళ్లందరికీ ఇన్‌ఫార్మర్ అనే ముద్ర పడుతుంది. బస్తీలో ఆ ముద్రతో బతకడం ఎంత ప్రమాదమో పోలీసులకే బాగా తెలుసు. సమాచారం ఇవ్వాలనుకున్నవాళ్లకు 1933 మాదక ద్రవ్యాల హెల్ప్‌లైన్ ఉంది, అది వేరే దారి.

రెండోది: కుర్రాళ్లకు లాఠీ, ఈల, పోలీసు జాకెట్టు ఇవ్వకూడదు. తమిళనాడులో 1993లో రామనాథపురంలో 'ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్' మొదలైంది. ఆలోచన గొప్పదే, చాలా పేరు కూడా వచ్చింది. రానురాను ఆ వలంటీర్లలో కొందరు ఠాణా మనుషుల్లా ప్రవర్తిస్తున్నారన్న ఆరోపణలు వచ్చాయి. 2020లో సాత్తాన్‌కుళంలో తండ్రీ కొడుకులు పోలీసు కస్టడీలో హింసకు గురై మరణించిన తర్వాత ఆ ప్రభుత్వం వాళ్ల సేవలను వాడుకోవడాన్ని నిషేధించింది. పోలీసుకు దగ్గరైన కుర్రాడు తోటి కుర్రాళ్ల మీద పెత్తనం చేసే స్థితి వస్తే, మీరు కట్టాలనుకున్నది మొదటికే చెడుతుంది.

మిగిలినవి క్లుప్తంగా. సమావేశానికి యూనిఫాం వద్దు, మామూలు బట్టల్లో రావాలి. పేరు పెట్టి పిలవాలి, 'అరే', 'ఒరేయ్' వద్దు. కుర్రాళ్లు ఎలాగూ 'సార్', 'అన్నా' అనే పిలుస్తారు. పద్దెనిమిది లోపు వాళ్ల ఫొటోలు ఎవరూ తీయకూడదు, సోషల్ మీడియాలో పెట్టకూడదు, వాళ్లు రావడానికి అమ్మానాన్నల సంతకం కావాలి. వీడియో తీయడం ఇరువైపులా బంద్.

మొదటి సమావేశం

ఠాణాలో పెట్టకండి. కమ్యూనిటీ హాలు, సర్కారు బడి వరండా, గ్రౌండు పక్క చెట్టు నీడ, ఏదైనా సరే. కుర్చీలు గుండ్రంగా వేయండి, పోలీసులు ఒక వరుసలో కూర్చోకుండా చూడండి. పది పన్నెండు మంది కుర్రాళ్లు, ముగ్గురు పోలీసులు. ఇంతకంటే ఎక్కువైతే మాట్లాడేది ఇద్దరే అవుతారు.

పరిచయాలు అయ్యాక, మీరు నెల రోజులు పోగుచేసిన మాటలను, కుర్రాళ్లవీ కానిస్టేబుళ్లవీ కలిపి, ఎవరు అన్నారో చెప్పకుండా గట్టిగా చదవండి. మొదటి పావుగంట ఎవరూ సమాధానం చెప్పకూడదు. ఈ నియమం కష్టం. ఎస్సై గారికి వెంటనే 'అలా ఏం లేదు' అనాలనిపిస్తుంది. ముందే ఆయనతో మాట్లాడి ఒప్పించండి. విన్న తర్వాత, వెంటనే మార్చగలిగినది ఒక్కటి ఆయన్నే ఎంచుకోమనండి. వీధి దీపం లేని గల్లీ మూలకు రాత్రి గస్తీ పెట్టడం, కాలేజీ వదిలే వేళ బస్టాపు దగ్గర ఒకరిని నిలబెట్టడం వంటివి. చిన్నదైనా పర్వాలేదు. వచ్చే నెల మొదటి మాట దాని గురించే ఉండాలి. అది జరగకపోతే ఎందుకు జరగలేదో చెప్పాలి. ఈ ఒక్కటి రెండు నెలలు వరసగా జరిగితే, మూడో నెల కుర్రాళ్లు తమంతట తాము ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వస్తారు.

ప్రశ్నల పుస్తకం ఒకటి పెట్టండి. ఎడమ పేజీలో ప్రశ్న, కుడి పేజీలో జవాబు, తేదీ. దీన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించాల్సిన పని లేదు.

చట్టం మాట్లాడుకోండి, ఇద్దరూ వింటుండగా

హక్కుల గురించి కుర్రాళ్లకు విడిగా, క్రమశిక్షణ గురించి మరోసారి విడిగా చెప్పే అలవాటు ఉంది. నా ఉద్దేశంలో రెండూ ఒకే గంటలో, పోలీసు నోటి నుంచే రావాలి. 'మిమ్మల్ని అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ఇంట్లోవాళ్లకు తెలియజేయాలి, ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్లాలి' అని ఎస్సై స్వయంగా చెబితే దానికుండే బరువు వేరు. తర్వాత ఆ మాట తప్పడం ఆయనకూ కష్టమవుతుంది.

మీ దగ్గర ఈ విషయాలు సిద్ధంగా ఉంచుకోండి. పద్దెనిమిది లోపు వాళ్లను ఏ పరిస్థితిలోనూ లాకప్‌లో పెట్టకూడదు, ఇరవై నాలుగు గంటల్లో జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి, బేడీలు వేయకూడదు. పదిహేనేళ్ల లోపు పిల్లలను, మహిళలను సాక్ష్యం కోసం ఠాణాకు రమ్మనకూడదు, పోలీసులే వాళ్ల ఇంటికి వెళ్లాలి. విచారణ చేపట్టదగ్గ నేరం (కోర్టు అనుమతి లేకుండానే పోలీసులు దర్యాప్తు చేయగలది) గురించి చెబితే ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాల్సిందేనని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం ఆ నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు, ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితం.

కుర్రాళ్లు తెలుసుకోవాల్సినవీ అంతే సూటిగా చెప్పాలి. పద్దెనిమిది నిండని, లైసెన్సు లేని పిల్లాడికి బండి ఇస్తే తండ్రికి పాతిక వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు పడవచ్చు, ఆ పిల్లాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే డ్రంక్ అండ్ డ్రైవ్ కేసే. ఇంకొకటి, ఈ మధ్య నన్ను అన్నిటికంటే కలవరపెడుతున్నది: కమిషన్ ఇస్తామంటే బ్యాంకు ఖాతా, సిమ్ కార్డు ఎవరికో వాడుకోవడానికి ఇవ్వడం. సైబర్ మోసం డబ్బు ఆ ఖాతాలో నుంచి వెళ్తే మొదట తలుపు తట్టేది ఖాతా పేరున్నవాడి ఇంటినే. ఐదు వేలకు ఆశపడి కేసులో ఇరుక్కున్నవాడికి అంతకుముందు ఎవరూ ఈ మాట చెప్పి ఉండరు.

కలిసి చేసే పని

మాటలకు ఒక హద్దు ఉంది. మూడో నెల దాటాక ఏదైనా పని కలిసి చేయాలి. నాకు అన్నిటికంటే నచ్చేది పొద్దున్న పరుగు. కానిస్టేబుల్ ఉద్యోగానికి మగవాళ్లకు 1600 మీటర్లు, ఆడవాళ్లకు 800 మీటర్ల పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్ ఉంటాయి. ఆ పరీక్ష ఇటీవలే గట్టెక్కిన కానిస్టేబుల్ మీ ఠాణాలోనే ఉంటాడు. వారానికి రెండు ఉదయాలు బస్తీ గ్రౌండులో ఆయన స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడితే చాలు. పోలీసు ఉద్యోగం అక్కర్లేనివాడూ వస్తాడు. పక్కపక్కనే పరిగెత్తి ఆయాసంతో గట్టు మీద కూర్చున్నప్పుడు దొర్లే మాటలు ఏ కౌన్సెలింగ్‌లోనూ రావు. అమ్మాయిల బృందానికి మహిళా కానిస్టేబుల్‌ను అడగండి.

బోనాలకు, నిమజ్జనానికి వలంటీర్లుగా నిలబడవచ్చు, కానీ పని ముందే తేల్చుకోండి: నీళ్లివ్వడం, తప్పిపోయిన పిల్లలను హెల్ప్ డెస్క్ దగ్గరికి చేర్చడం, అంబులెన్సుకు దారి ఇప్పించడం. జనాన్ని నెట్టడం, తాడు పట్టడం వీళ్ల పని కాదు. పెద్దవాళ్ల ఇళ్లకు వెళ్లి ఓటీపీ మోసాల గురించి చెప్పి, డబ్బు పోయిన వెంటనే 1930కి ఎలా ఫోన్ చేయాలో నేర్పించడం మంచి జంట పని.

ఠాణా చూడ్డానికి తీసుకెళ్లడం ఆరో నెలలో పెట్టుకోండి, ముందు వద్దు. రిసెప్షన్‌లో ఫిర్యాదు ఎలా తీసుకుంటారు, రసీదు ఎక్కడ ఇస్తారు, సీసీ కెమెరాలు ఎక్కడున్నాయి అన్నవి చూపించమనండి. ప్రతి ఠాణాలో లాకప్‌తో సహా కెమెరాలు ఉండాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2025 జనవరి నుంచి రాష్ట్రంలోని ఠాణాల్లో క్యూఆర్ కోడ్‌తో అభిప్రాయం చెప్పే ఏర్పాటు ఉంది. దాన్ని అక్కడికక్కడే ప్రతి ఒక్కరితో ఒకసారి స్కాన్ చేయించండి.

ఆడపిల్లల విషయం

2014 అక్టోబరు 24న షీ టీమ్స్ (ఆడవాళ్లను వేధించేవాళ్లను పట్టుకునే పోలీసు బృందాలు) మొదలైనప్పటి నుంచి నగరంలో అమ్మాయిలకు ఒక తలుపు తెరిచి ఉంది. చాలామందికి దాని పేరు తెలుసు. కానీ ఫిర్యాదు చేస్తే ఇంట్లో చదువు మాన్పిస్తారేమో అన్న భయం పోలేదు. అందుకే ఆడపిల్లలతో పెట్టే సమావేశంలో మొదటి ప్రశ్న అదే వేయండి: 'మా నాన్నకు చెబుతారా?' వచ్చిన అధికారి దీనికి స్పష్టంగా జవాబు ఇవ్వాలి, ఏ సందర్భంలో పేరు రహస్యంగా ఉంటుంది, ఏ సందర్భంలో చెప్పక తప్పదు అని. దాచిపెట్టి ధైర్యం చెప్పవద్దు. పద్దెనిమిది లోపు పిల్లల మీద లైంగిక దాడి విషయం తెలిస్తే పోక్సో చట్టం కింద పోలీసులకు చెప్పి తీరాలి. మీకూ అది వర్తిస్తుంది. కేసు దాకా వస్తే భరోసా కేంద్రంలో కౌన్సెలర్, వైద్యం, న్యాయ సహాయం ఒకేచోట దొరుకుతాయని చెప్పండి.

గొడవ జరిగిన రోజు

ఏడాదిలో ఒక్కసారైనా జరుగుతుంది. గ్రూపులోని కుర్రాడిని వేరే కానిస్టేబుల్ ఎవరో చెంప మీద కొడతాడు. అప్పుడు అందరూ మీ వైపు చూస్తారు. సర్దుకుపోదాం అనకండి, అదే సమయంలో గుంపుగా ఠాణా మీదికి వెళ్లకండి. అదే రోజు కుర్రాడి మాట తేదీ, సమయం, చోటుతో రాయించండి. దెబ్బ ఉంటే సర్కారు దవాఖానాలో చూపించి కాగితం తీసుకోండి. ఇద్దరు పెద్దవాళ్లతో, అమ్మానాన్నలతో కలిసి ఇన్‌స్పెక్టర్‌ను కలిసి రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. వారంలో జవాబు రాకపోతే ఏసీపీ, ఆ తర్వాత డీసీపీ, అక్కడా కాకపోతే రాష్ట్ర మానవ హక్కుల కమిషన్. ఈ దారి మొత్తం ఒప్పందం కాగితంలోనే ముందుగా రాసి ఉంటే, మీరు ఫిర్యాదు ఇచ్చిన రోజు ఇన్‌స్పెక్టర్ దాన్ని శత్రుత్వంగా తీసుకోరు. ఫిర్యాదు ఇచ్చాక కూడా వచ్చే నెల సమావేశం జరగాలి, తప్పనిసరిగా.

దీనికి రెండో వైపు కూడా ఉంది. గ్రూపులోని కుర్రాడే గంజాయితో దొరికితే, 'మనవాడే సార్, వదిలేయండి' అని ఫోన్ చేయవద్దు. మీరు ఒక్కసారి సిఫారసు చేస్తే ఈ గ్రూపు పైరవీల దుకాణం అవుతుంది, దానిలో లేనివాళ్లందరూ దూరమవుతారు. చేయాల్సింది లాయరును చూపించడం. డబ్బు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది. అలవాటు పడ్డ కుర్రాడు పట్టుబడక ముందే మీ దగ్గరికి వస్తే 14446 డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్‌కు కలపండి, ఇంట్లోవాళ్లతో మాట్లాడండి.

బదిలీకి సిద్ధంగా ఉండండి

ఇన్‌స్పెక్టర్ మారగానే మూతపడే కార్యక్రమాలే ఎక్కువ. అందుకే మొదటి నెల నుంచే ఒక ఫైలు నడపండి: ఒప్పందం, నెలవారీ హాజరు, ప్రశ్నల పుస్తకం జిరాక్సు, ఠాణా నెరవేర్చిన పనుల జాబితా. ఒక కాపీ ఏసీపీ ఆఫీసులో ఉండాలి. పాత ఇన్‌స్పెక్టర్‌ను వెళ్లేముందు కొత్తవారికి రెండు వాక్యాల నోటు రాయమని అడగండి. కొత్తవారు వచ్చిన మొదటి పది రోజుల్లో పూలబొకేతో కాకుండా ఫైలుతో వెళ్లండి, ఇద్దరు కుర్రాళ్లను వెంటబెట్టుకుని. మీరు మాట్లాడవద్దు, వాళ్లనే మాట్లాడనివ్వండి.

ఏడాది నిండాక మొదట అడిగిన మూడు ప్రశ్నలనే అదే చోట్లలో మళ్లీ అడగండి, వీలైతే గ్రూపులోకి రాని వాళ్లను కూడా. '100కి ఫోన్ చేస్తారా' అన్నదానికి అవునన్నవాళ్లు పెరిగారా, ప్రశ్నల పుస్తకంలో కుడి పేజీలు ఎన్ని ఖాళీగా ఉన్నాయి అన్నవి రెండూ చూడండి. ఖాళీ పేజీలు ఎక్కువగా ఉంటే రెండో ఏడాదికి కొత్త కార్యక్రమాలు పెట్టుకోకండి. ఆ ప్రశ్నలతోనే ఇన్‌స్పెక్టర్ దగ్గరికి మళ్లీ వెళ్లండి.